దివ్యాంగుల ఓటు: ఇంటి నుంచా, బూత్‌లోనా? ఎప్పటిలోగా ఏం చేయాలి

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే చాలు, ఇవే ప్రశ్నలు. "నాన్నగారు మంచం దిగలేరు, ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారటగా, ఎవరిని అడగాలి?" "నాకు చూపు లేదు, నా ఓటు ఇంకొకరు నొక్కేస్తే నాకెలా తెలుస్తుంది?" "అబ్బాయికి బుద్ధిమాంద్యం, వాడికి ఓటు ఉంటుందా?" మూడింటికీ చట్టంలో జవాబు ఉంది. చిక్కల్లా తేదీలతోనే. చాలామంది పోలింగ్‌కు వారం ముందు అడుగుతారు. ఇంటి ఓటుకు దరఖాస్తు గడువు అప్పటికి దాటిపోయి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది లోక్‌సభ, శాసనసభ ఎన్నికల పద్ధతి. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం వేరే నిబంధనలతో జరుపుతుంది. ఇంటి ఓటు అక్కడా ఉంటుందనుకుని కూర్చోకండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓటరు కార్డు, లేదా కనీసం దాని నంబరు.
- సదరం సర్టిఫికెట్ (వైకల్య నిర్ధారణ పత్రం) లేదా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), వాటి జిరాక్స్ కాపీలు రెండు మూడు. వైకల్య శాతం స్పష్టంగా కనపడాలి. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు తేదీ చూసుకోండి.
- మీ పోలింగ్ కేంద్రం పేరు, పార్ట్ నంబరు (ఓటరు జాబితాలో మీ బూత్ భాగం సంఖ్య), జాబితాలో మీ వరుస సంఖ్య.
- మీ బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఫోన్ నంబరు. తెలియకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి ఓటరు కార్డు నంబరు చెప్పి అడగండి.

1. జాబితాలో పేరుందో లేదో చూడండి

పోయినసారి ఓటేశాం కాబట్టి ఈసారీ ఉంటుందనుకోవద్దు. ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లో కార్డు నంబరుతో వెతకండి. పేరు లేకపోతే ఫారం 6తో కొత్తగా నమోదు చేసుకోవాలి. ఆ ఫారంలోనే వైకల్యం వివరాలు రాసే గడి ఉంది. ఐచ్ఛికమే కదా అని వదిలేయకండి, అది నింపితే తర్వాతి మెట్టు చేయనక్కర్లేదు.

18 ఏళ్లు నిండడానికి లెక్క కట్టే తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఆ ఎన్నికకు జాబితాలో కొత్త పేర్లు చేర్చరు. దరఖాస్తు వచ్చాక అభ్యంతరాలకు, విచారణకు కొన్ని రోజులు పడుతుంది. అందుకని ఆఖరి రోజుకు కనీసం 10 రోజుల ముందే ఇచ్చేయండి.

2. జాబితాలో దివ్యాంగులుగా గుర్తు వేయించుకోండి

అందరూ వదిలేసే మెట్టు ఇదే. పింఛను వస్తోంది, సదరం ఉంది, ఇంకేం కావాలని అనుకుంటారు. పింఛను జాబితా వేరు, ఓటరు జాబితా వేరు. ఒకదాన్ని చూసి ఇంకోదాంట్లో మీ పేరు పక్కన గుర్తు దానంతటది పడదు. ఇంటి ఓటు విషయంలో, ఓటరు జాబితా డేటాబేసులో దివ్యాంగులుగా గుర్తు పడినవారినే నిబంధన దివ్యాంగులుగా లెక్కిస్తుంది. బీఎల్ఓ ఇంటింటికీ తిరిగే జాబితా, వీల్‌చైర్లు ఎక్కడ ఎన్ని పెట్టాలన్న లెక్క కూడా దాన్నుంచే వస్తాయి.

ఎలా చేయాలంటే, ఫారం 8 తీసుకోండి. అందులో నాలుగు పనులుంటాయి: చిరునామా మార్పు, వివరాల సవరణ, కార్డు మార్పిడి, దివ్యాంగులుగా గుర్తింపు. నాలుగోదానికి టిక్ పెట్టి, వైకల్యం రకం, శాతం రాసి, సర్టిఫికెట్ జత చేయండి. పోర్టల్‌లో గానీ, దివ్యాంగుల కోసమే ఉన్న సక్షమ్ యాప్‌లో గానీ, కాగితం మీద నింపి బీఎల్ఓకి గానీ ఇవ్వవచ్చు. సక్షమ్ దొరకకపోతే ఎన్నికల సంఘం ఉమ్మడి యాప్ ఈసీఐనెట్‌లో చూడండి. ఎన్నికల సంఘం తన యాప్‌లన్నిటినీ దాంట్లోకి చేరుస్తోంది.

ఒక ఫారంలో ఒక టిక్కే పెట్టాలి. ఇల్లు మారి, దివ్యాంగులుగా గుర్తింపూ కావాలంటే రెండు దరఖాస్తులు. ముందు చిరునామా పని పూర్తి చేసి, కొత్త చోట రెండోది వేయండి. లేకపోతే పాత ఊరి బీఎల్ఓ విచారణకొచ్చి మీరు లేరని రాసుకుపోతారు.

సరిగ్గా జరిగిందా అని చూసుకోవడం: దరఖాస్తు ఇచ్చినప్పుడు వచ్చే రిఫరెన్స్ నంబరుతో పోర్టల్‌లో స్థితి చూడండి. "సమర్పించారు" అని ఉంటే పని అయినట్టు కాదు, "ఆమోదించారు" అని ఉండాలి. ఆ తర్వాత బీఎల్ఓకి ఫోన్ చేసి "మీ దివ్యాంగుల జాబితాలో నా పేరుందా?" అని ఒక్క మాట అడగండి.

3. ఇంటి నుంచా, బూత్‌లోనా: ముందే తేల్చుకోండి

ఇంటి ఓటు ఇద్దరికి: 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి, 85 ఏళ్లు పైబడినవారికి. ఈ వయసు ముందు 80 ఉండేది, 2024 మార్చిలో 85 చేశారు. 2023 నవంబరు తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ఇంటి నుంచి ఓటేసిన 82 ఏళ్ల పెద్దాయనకు, వైకల్య సర్టిఫికెట్ లేకపోతే, 2024 మే ఎన్నికల్లో ఆ వీలు లేకుండా పోయింది. "పోయినసారి వచ్చారుగా" అని ఎదురుచూసి చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఇంటి ఓటు తప్పనిసరి కాదు, మీరు కోరుకుంటేనే. కోరుకున్నాక మాత్రం వెనక్కి తీసుకోలేరు. దరఖాస్తు ఆమోదం పొందగానే జాబితాలో మీ పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ గుర్తుగా "పీబీ" అని పడుతుంది. ఇక పోలింగ్ రోజు బూత్‌కు వెళ్లినా ఓటు వేయనివ్వరు. ఓపిక చేసుకుంటే బూత్‌కు వెళ్లగలం అనిపించేవారు బూత్‌నే ఎంచుకోవడం మేలు. అక్కడ యంత్రం మీద వేసిన ఓటు కాగితం తప్పుల వల్ల చెల్లకుండా పోదు. మంచం దిగలేనివారికి, ఆక్సిజన్ మీద ఉన్నవారికి, డయాలిసిస్ రోజుతో పోలింగ్ తగిలేవారికి ఇంటి ఓటే సరి.

4. ఇంటి ఓటు: ఫారం 12డి

గడువు: ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన రోజు నుంచి 5 రోజులు. షెడ్యూల్ ప్రకటన వేరు, నోటిఫికేషన్ వేరు. టీవీలో ఎన్నికల కమిషనర్లు కూర్చుని తేదీలు చదివేది షెడ్యూల్. నోటిఫికేషన్ ఆ తర్వాత గెజిట్‌లో వస్తుంది, నామినేషన్లు మొదలయ్యేది ఆ రోజే. 2024లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నోటిఫికేషన్ ఏప్రిల్ 18న, పోలింగ్ మే 13న. అంటే పోలింగ్‌కు దాదాపు మూడు వారాలు ఉండగానే ఫారం 12డి గడువు అయిపోయింది.

అ) ఆ ఐదు రోజుల్లో బీఎల్ఓ ఫారం 12డి పట్టుకుని ఇంటికి వస్తారు. రెండో రోజుకీ రాకపోతే మీరే ఫోన్ చేయండి. ఫారం నింపి, దివ్యాంగులైతే సర్టిఫికెట్ కాపీ జత చేసి, సంతకం లేదా వేలిముద్ర వేసి ఇవ్వండి. 85 దాటినవారికి వైకల్య సర్టిఫికెట్ అక్కర్లేదు, జాబితాలోని వయసే లెక్క. అక్కడ వయసు తక్కువ పడి ఉంటే దాన్ని ముందే సరిచేయించుకుని ఉండాలి.

ఆ) రశీదు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే నింపిన ఫారాన్ని ఫోన్లో ఫొటో తీసి ఉంచండి.

ఇ) పోలింగ్ బృందం వచ్చే తేదీ మీకు ముందే చెబుతారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే మరోసారి వస్తారు. రెండోసారీ లేకపోతే ఇక రారు. బూత్‌లో వేసే వీలూ ఉండదు. మొత్తానికి ఓటు పోయినట్టే. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ ఉంటే బీఎల్ఓకి ముందుగా చెప్పి తేదీ సర్దుకోండి.

ఈ) బృందంలో పోలింగ్ సిబ్బంది, పోలీసు, వీడియో తీసేవారు ఉంటారు. అభ్యర్థుల తరఫు మనుషులు కూడా రావచ్చు, అది నిబంధనలో ఉన్నదే. అయితే మీరు గుర్తు పెట్టేటప్పుడు ఎవరూ చూడకూడదు, కెమెరా కూడా. మంచం గోడ వైపు తిప్పమనో, మధ్యలో దుప్పటి అడ్డం కట్టమనో అడగండి. ఇంట్లోవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చుట్టూ నలుగురు నిలబడి "అదిగో అక్కడ పెట్టు" అనడం సాయం కాదు.

ఉ) బ్యాలెట్ కాగితం మీద ఒక్క అభ్యర్థి గడిలోనే గుర్తు పెట్టాలి. మంచం మీదే రాయాలంటే పిల్లల పరీక్ష అట్ట ఒకటి కింద పెట్టుకోండి. మెత్తటి పరుపు మీద కలం జారి గుర్తు రెండు గడుల మధ్యన పడితే ఆ ఓటు ఎవరిదో తేలక చెల్లకుండా పోతుంది. కాగితం మీద సంతకం, పేరు, ఇంకేదీ రాయకూడదు. ఓటరు ఎవరో తెలిసేలా ఏది ఉన్నా తీసి పక్కన పెడతారు.

ఊ) రెండు కవర్లుంటాయి. చిన్న కవరులో బ్యాలెట్ ఒక్కటే. డిక్లరేషన్, అంటే ఫారం 13ఏ, సంతకంతో విడిగా ఉండాలి. అతికించిన చిన్న కవరునూ, ఈ డిక్లరేషన్‌నూ కలిపి పెద్ద కవరులో పెట్టాలి. డిక్లరేషన్‌ను చిన్న కవరులో దూర్చేయడం అందరూ చేసే తప్పు. లెక్కింపు రోజు ముందు చూసేది డిక్లరేషన్నే. అది కనపడకపోతే చిన్న కవరు తెరవనే తెరవరు. పెద్ద కవరు అతికించే ముందు డిక్లరేషన్ మీది బ్యాలెట్ సీరియల్ నంబరు, చిన్న కవరు మీది నంబరు ఒకటేనా అని మీ ఇంట్లో ఎవరితోనైనా గట్టిగా చదివించండి.

చూపు లేనివారు, చేయి కదపలేనివారు ఇంట్లో కూడా తమకు నచ్చిన, 18 ఏళ్లు నిండిన వ్యక్తి సాయం తీసుకోవచ్చు.

5. బూత్‌కు వెళ్లేవారు: ముందు రోజుకల్లా చేయాల్సినవి

వీల్‌చైర్, వాహనం, చేయిపట్టి తీసుకెళ్లే వాలంటీర్ కావాలంటే సక్షమ్ యాప్‌లోనో, 1950కి ఫోన్ చేసో, బీఎల్ఓ ద్వారానో ముందుగా అడగండి. పార్టీవాళ్లు ఆటో పంపిస్తామంటే ఎక్కకండి. ఓటర్లను ఉచితంగా వాహనాల్లో తరలించడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(5) ప్రకారం అవినీతి చర్య. పైగా ఆటో దిగేసరికి "తోడు నేనొస్తా" అనే మనిషి కూడా వెంటే ఉంటాడు.

వీలైతే ఒకరిని పంపి బూత్ చూసి రమ్మనండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రతి పోలింగ్ కేంద్రమూ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలి. కాగితం మీద ర్యాంపు ఉన్నట్టే ఉంటుంది. చూడాల్సింది ఇవి: ర్యాంపు మొదట్లో నేలకూ దానికీ మధ్య అంగుళం రెండంగుళాల గాడి ఉందా (వీల్‌చైర్ ముందు చక్రాలు అక్కడే ఇరుక్కుంటాయి), వాలు మరీ నిటారుగా ఉందా (అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి), గది గుమ్మానికి గడప ఉందా. లోపం కనపడితే ఆ రోజే ఫొటోతో రిటర్నింగ్ అధికారికి (నియోజకవర్గంలో ఎన్నిక జరిపే అధికారి), 1950కి ఫిర్యాదు ఇవ్వండి. ఒక చెక్క పలక వేయించడానికి ముందు రోజు సాయంత్రం కూడా టైం ఉంటుంది, పోలింగ్ రోజు ఉదయం ఉండదు.

గుర్తింపు కార్డు: ఓటరు కార్డు లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఫొటో ఉన్న బ్యాంకు పాసుబుక్కు, ఉపాధి హామీ జాబ్ కార్డు వంటివి చెల్లుతాయి. యూడీఐడీ కార్డు కూడా ఆ జాబితాలో ఉంది. ఓటరు స్లిప్ ఒక్కటే పట్టుకెళితే చెల్లదు, అది సమాచారం కోసం మాత్రమే.

ఫోన్ ఓటేసే చోటికి తీసుకెళ్లనివ్వరు. ఫోన్లో అక్షరాలు చదివించుకునే అలవాటున్న అంధ ఓటర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అభ్యర్థి వరుస సంఖ్యను ఇంటి దగ్గరే కంఠస్థం చేయండి. శాసనసభకూ, లోక్‌సభకూ ఒకే రోజు ఓటింగ్ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో జరిగినట్టు, రెండు సంఖ్యలు కావాలి. ఒకే పార్టీ అభ్యర్థి ఒక యంత్రంలో 2వ వరుసలో, ఇంకోదాంట్లో 5వ వరుసలో ఉండొచ్చు.

6. బూత్ లోపల

క్యూలో నిలబడనక్కర్లేదు. దివ్యాంగులను ముందుగా పంపుతారు, పంపకపోతే బయట ఉన్న సిబ్బందిని అడగండి.

చూపు లేనివారు ఒంటరిగా వేయాలంటే: బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను బ్రెయిలీ నమూనా బ్యాలెట్ అడగండి. అడగకపోతే అది సంచిలోనే ఉండిపోతుంది. దానిలో పేర్లు, వరుస సంఖ్యలు చదివి చూసుకోండి. యంత్రం దగ్గర కుడి అంచున, ప్రతి నీలి బటన్ పక్కన 1 నుంచి 16 దాకా బ్రెయిలీ అంకెలు ఉంటాయి. పై నుంచి కిందికి వేళ్లతో తడుముతూ మీ అంకె దగ్గర ఆగి, పక్కనున్న బటన్ నొక్కండి. పొడుగ్గా బీప్ వినపడాలి. వినపడేదాకా వేలు తీయకండి. చివరి పేరు తర్వాతిది నోటా. నోటాతో కలిపి పేర్లు 16 దాటితే రెండో బ్యాలెట్ యూనిట్ (బటన్లు ఉండే యంత్రం) పెడతారు. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ చేసినప్పుడు 12 యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. అందుకే లోపలికి అడుగుపెట్టే ముందే "యూనిట్లు ఎన్ని, ఒక్కో యూనిట్‌లో ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా ఉన్నాయి?" అని అడిగి, అభ్యర్థి పేరు గానీ సంఖ్య గానీ బయటపెట్టకుండా, ఎన్నో బటనో నమూనా బ్యాలెట్‌ను బట్టి మీరే లెక్కేసుకోండి.

వినపడనివారు బీప్ కోసం చూడనక్కర్లేదు. బ్యాలెట్ యూనిట్ పైన ఆకుపచ్చ లైటు వెలిగితే యంత్రం సిద్ధంగా ఉన్నట్టు. బటన్ నొక్కగానే పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది, పక్కనున్న వీవీప్యాట్ (ఓటు చీటీ చూపే యంత్రం) అద్దంలో మీ గుర్తుతో స్లిప్ 7 సెకన్లు కనపడుతుంది. మొదటి పోలింగ్ అధికారి మీ పేరు గట్టిగా పిలుస్తారు, మీకు వినపడదు. వరుస సంఖ్య రాసిన చీటీ, గుర్తింపు కార్డు కలిపి ముందుంచితే అక్కడ తడబాటు ఉండదు.

వేళ్లు లేనివారికి సిరా ఎక్కడ? ఎడమ చూపుడు వేలు లేకపోతే ఎడమ చేతి ఇంకో వేలికి, ఎడమ చేతి వేళ్లే లేకపోతే కుడి చేతి వేలికి, రెండు చేతులకూ వేళ్లు లేకపోతే ఉన్న చేతి చివరన పెడతారు. సిరా పెట్టడానికి వేలు లేదని ఓటు ఆపడానికి వీల్లేదు.

7. తోడు తీసుకెళ్లేవారికి 49ఎన్ నిబంధన

1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ ఇది. చూపు లేకో, శారీరక బలహీనత వల్లో గుర్తులు గుర్తించలేనివారు, బటన్ నొక్కలేనివారు తోడును ఓటింగ్ గడిలోకి (యంత్రం ఉండే, చుట్టూ అడ్డం పెట్టిన చోటు) తీసుకెళ్లవచ్చు. దీనికి 40 శాతం సర్టిఫికెట్ కావాలని ఎక్కడా లేదు. ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు మీ పరిస్థితి నమ్మకం కలిగితే చాలు. చెయ్యి విరిగి కట్టుతో వచ్చినవారికీ ఇది వర్తిస్తుంది. చదువు రాదన్న కారణం మాత్రం సరిపోదు.

ఇలా చెప్పండి: "నాకు గుర్తులు కనపడవు. 49ఎన్ కింద వీరిని తోడుగా తీసుకెళ్తాను." తోడుకు 18 ఏళ్లు నిండాలి. ఓటు రహస్యం దాస్తానని, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లలేదని డిక్లరేషన్ ఇవ్వాలి. వివరాలు ఫారం 14ఏలో ఎక్కుతాయి. ఎవరిని తీసుకెళ్లాలన్నది మీ ఇష్టం. ఏజెంట్లు గుమ్మం దగ్గర నిలబెట్టిన మనిషిని ఒప్పుకోనక్కర్లేదు. పోలింగ్ సిబ్బంది తోడుగా రాకూడదు.

ఒకరు ఒక రోజున ఒక్కరికే తోడు. భార్యాభర్తలిద్దరికీ చూపు లేకపోతే ఇద్దరు వేర్వేరు మనుషులు కావాలి. కొడుకొక్కడే ఇద్దరికీ వేయించలేడు. ఉదయం బూత్ దాకా వెళ్లాక ఈ సంగతి తెలిసి ఒకరి ఓటు ఆగిపోవడం మామూలే. పక్కింటివారితో ముందే మాట్లాడుకోండి.

నడవడానికి మాత్రమే ఆసరా కావాల్సినవారి తోడు ఓటింగ్ గడి దాకా వచ్చి ఆగిపోవాలి. బటన్ మీరే నొక్కగలిగితే, మీరే నొక్కండి.

8. బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం ఉన్నవారి సంగతి

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేదని సంబంధిత కోర్టు ప్రకటించినవారికే ఓటు నమోదు ఉండదు. డాక్టరు సర్టిఫికెట్ చాలదు, బీఎల్ఓ అభిప్రాయం అసలే చాలదు, "వాడికేం తెలుసు" అనే ఇంట్లోవాళ్ల మాట అంతకన్నా చాలదు. మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్నవారిని ఆ ఆసుపత్రి చిరునామాతో నమోదు చేయరు. 20వ సెక్షన్ దాన్ని నివాసంగా లెక్కించదు. ఇంటి చిరునామాతోనే వేయండి.

49ఎన్ మాటలు శారీరక బలహీనత గురించే. అందుకని బుద్ధిమాంద్యం ఒక్కటే ఉంటే లోపలి దాకా తోడు దొరుకుతుందని నమ్ముకోకండి. ఇంటి దగ్గర సాధన చేయించడం ఖాయమైన దారి. యంత్రం మీద పేరుతో పాటు అభ్యర్థి ఫొటో, గుర్తు ఉంటాయి. ఒక అట్ట మీద ఇంట్లో దొరికే బొమ్మలు వరుసగా అతికించి, పక్కన గుండీలు కుట్టి, "నీకు నచ్చినదాని పక్కన నొక్కు, శబ్దం వచ్చాక చెయ్యి తీయి" అని నాలుగైదుసార్లు చేయించండి. పార్టీ గుర్తులు మాత్రం అంటించకండి. అప్పుడు నేర్పేది ఓటు వేయడం కాదు, మీ ఓటు.

9. అడ్డుపడితే

ముందు ప్రిసైడింగ్ ఆఫీసర్‌తోనే మాట్లాడండి. తేలకపోతే బయటికొచ్చి 1950కి, ఆ తర్వాత రిటర్నింగ్ అధికారికి ఫోన్ చేయండి. బూత్ నంబరు, టైం, ఏం అడిగారో, ఏం జవాబు వచ్చిందో ఒక కాగితం మీద రాయండి. "ఓటు వేయనివ్వలేదు" అనే కన్నా "ఉదయం 9.20కి 49ఎన్ కింద తోడు అడిగితే సర్టిఫికెట్ లేదని నిరాకరించారు" అని రాస్తే పని కదులుతుంది. ర్యాంపు లేకపోవడం వంటివాటి మీద రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కూ ఫిర్యాదు పంపవచ్చు. పోలింగ్ అయిపోయినా పంపండి, వచ్చే ఎన్నికకు అదే గదిని బూత్‌గా పెడతారు.

జాబితాలో పేరు చేర్చలేదనో, తీసేశారనో అయితే నమోదు అధికారి ఉత్తర్వు మీద 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు వేసుకోవచ్చు. ఆ ఉత్తర్వు కాపీ చేతిలో లేకపోతే అప్పీలు ముందుకు పోదు. నోటి మాటతో తిప్పి పంపితే రాతపూర్వకంగా ఇమ్మని అక్కడే అడగండి.